దీపం కింద గీతలు

పాలిష్ మిషను గాలిలో ఉండగానే జోల్దోష్ స్విచ్చి నొక్కేశాడు.

ప్యాడ్ మీది తెల్లటి పాలిష్ చుక్కలు నాలుగు వైపులా చిమ్మాయి. రెండు గోడ మీద, ఒకటి టీ కాచే సమోవార్ మీద, మిగతావన్నీ సైరాకుల్ ముఖం మీద పడ్డాయి. ఆమె కళ్లద్దాలు తీసి నిదానంగా తుడుచుకుంది.

"డ్రైవరుగారూ, పాలిష్ పెట్టమన్నది కారుకి. నాకు కాదు."

"క్షమించండి ఉస్తాద్. ముప్పై ఏళ్లు ట్రాలీబస్సు నడిపాను. నొక్కితే కదిలేది గానీ ఇలా ఉమ్మేది కాదు."

నవ్వకూడదనుకుంటూనే ఆమె నవ్వేసింది. పక్కన పని నేర్చుకుంటున్న ఇద్దరు శిష్యులూ నవ్వారు. చివరికి జోల్దోష్ కూడా.

బిష్కెక్‌లో కరెంటుతో నడిచే ట్రాలీబస్సులు తీసేశాక ఆయన చేతులకు పని లేకుండా పోయింది. భార్య పోయి ఆరేళ్లు. జూన్‌లో ఒక్కగానొక్క కూతురు బేగిమాయ్ పెళ్లి. తన ముదురు నీలం ఆడీ కారులోనే ఆమెను అత్తవారింట్లో దింపాలని ఆయన పంతం. పాతికేళ్ల బండి. ఎండలో నిలబెడితే ఒళ్లంతా సాలెగూళ్లలాంటి సన్నటి గీతలు. కూతురిని కూర్చోబెట్టే బండికి ఇంకొకరు మెరుగుపెట్టడమేమిటని, మార్చిలో ఒక ఆదివారం ఆ పని నేర్చుకోవడానికి సైరాకుల్ షెడ్డుకు వచ్చాడు.

ఆమె పద్ధతి కచ్చితం. బల్ల మీద ఒక పాత నల్ల బానెట్ ఉంటుంది. గరుకు గుడ్డతో దాన్ని గీకి శిష్యుడికి అప్పగిస్తుంది. గీతలన్నీ పోయి, చేతిదీపం కింద చూసినా ఏమీ కనపడకపోతే పని నేర్చుకున్నట్టు పత్రం రాసిస్తుంది. అది అందేదాకా సొంత కారు మీద చెయ్యి వెయ్యకూడదు. అందిన మర్నాటి నుంచి షెడ్డుకు రానక్కర్లేదు.

రెండో ఆదివారం ఆయన ముందుగా ప్యాడ్‌ను రేకుకు ఆనించి, ఆ తర్వాతే స్విచ్చి వేశాడు.

"అదిమిపట్టకండి. తిరుగుతూనే అటూ ఇటూ ఊగడం దాని తీరు. ఊగనివ్వండి. మీరు నెమ్మదిగా నడపండి, చాలు" అంది సైరాకుల్.

నెమ్మదిగా నడపడమే ఆయనకు జీవితంలో బాగా వచ్చిన విద్య. అడ్డంగా ఒక వరస, దానిలో సగం కలుపుకుంటూ ఇంకో వరస, ఆ పైన నిలువుగా. అరచేతుల్లో గిలిగింతలు పుట్టాయి. గీతలు కరిగిపోయి నల్లటి రేకులో తన మీసం కనపడేసరికి ఆయనకు తెలియకుండానే పాట వచ్చేసింది. రెండో చరణం తప్పు పాడుతుంటే సైరాకుల్ అందుకుని సరిచేసింది.

తర్వాత దీపం పట్టుకుని చాలాసేపు చూసింది.

"అదిగో, మిషను వదిలిన మసక వలయాలు."

"ఎక్కడ?"

"మీకు కనపడవులెండి. వచ్చే ఆదివారం రండి."

ఆ పై ఆదివారం మాంసం కూరి ఆవిరి మీద ఉడికించే మంతీలు చేసి పట్టుకెళ్లాడు. వాటిని చూసి ఆమె, "మా ఆయన పోయాక ఇంకొకరు చేసిపెట్టిన మంతీలు తినడం ఇదే మొదలు. పదేళ్లయింది" అంది. ఒక్కటీ మిగల్చలేదు. అయినా దీపం కింద మాత్రం మళ్లీ వలయాలే.

శిష్యుల్లో ఒకడు నాలుగో వారం, రెండోవాడు ఆరో వారం పత్రాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. జోల్దోష్ మిగిలాడు. ఆదివారం పొద్దున్నే లేచి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఫెయిలవడానికి ఈల వేసుకుంటూ బయల్దేరేవాడు.

"నాన్నా, బడిలో కూడా ఇంత మొద్దువేనా నువ్వు?" అని బేగిమాయ్ ఏడిపించేది.

"ఆ వలయాలు నాకు కనపడి చావవే. చూపు తగ్గినట్టుంది."

కళ్ల డాక్టరు దగ్గరికీ వెళ్లాడు. అట్టమీది ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. "ఈ కళ్లతో విమానం నడపొచ్చు" అన్నాడు డాక్టరు.

ఆ సంగతి చెబితే సైరాకుల్ టీ పొలమారేలా నవ్వింది. "డాక్టరుకి పాలిష్ గురించి ఏం తెలుసు?" అంది.

అదీ నిజమేననిపించింది ఆయనకు.

జూన్ వచ్చింది. పెళ్లికి ముందు ఆదివారం ఆడీనే తీసుకుని షెడ్డు ముందు ఆపాడు.

"శనివారం పెళ్లి, ఉస్తాద్. పాసైనా కాకపోయినా ఇవాళ బండికి పాలిష్ పట్టాల్సిందే."

ఆమె వెంటనే కారు కడిగి, రబ్బరు అంచులకు టేపు అంటించి, రెండో మిషను తను తీసుకుంది. ఎడమ వైపు ఆయన, కుడి వైపు ఆమె. ఎవరు ముందని పందెం వేసుకుని, పాడుకుంటూ, ఒకరి వరసను ఒకరు వెక్కిరించుకుంటూ సాయంత్రానికి ముగించారు. ఆడీ ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది. ఏ వైపు ఎవరు పట్టారో చెప్పడం కష్టం.

"దీపం వేసి చూడరా?" అని అడిగాడు ఆయన.

"ఇవాళ అక్కర్లేదు."

సొరుగులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. అంచులు నలిగి, మీద టీ గ్లాసు గుర్తు ఉంది.

"పెళ్లికి రావాలి."

"శనివారం షెడ్డుకి తాళం వేసి వస్తాను" అంది, గుడ్డలు మడతపెడుతూ.

బండి వీధి మలుపు తిరిగింది. ఎదురొచ్చిన వాళ్లంతా ఆడీ వైపు తిరిగి చూస్తున్నారు. అయినా జోల్దోష్‌కు గుండెల్లో ఏదో వెలితి. వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్లాలి? ఇంకో పాత కారు ఉన్నా బాగుండేది.

ఎర్రలైటు దగ్గర ఆపి కాగితం విప్పాడు. తన పేరు ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. 'పనిలో లోపం లేదు' అని ఒక వాక్యం, దాని కింద సంతకం.

పక్కన వేసిన తేదీ, ఆయన షెడ్డుకు వెళ్లిన రెండో ఆదివారానిది.