మొదటి రకం నీళ్లు

"దీన్ని నాకంటే ముందు ఎంతమంది తొడుక్కున్నారు?" రబ్బరు సూటును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని అడిగాడు బూఅజ్జా. అది తడిగా ఉంది, లోపలంతా ఇసుక, పైగా ఉచ్చకంపు. నిన్న సాయంత్రమే హమామ్ స్నానశాలకు వెళ్లి ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దించుకుని వచ్చిన మనిషాయె, ఆ వాసనకే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"చాలామందే తొడుక్కున్నారు హాజీ. ఎవరూ చావలేదు" అన్నాడు సర్ఫింగ్ నేర్పే జుహైర్.

బూఅజ్జా కూతురు వియామ్ అప్పటికే సూటు వేసుకుని, బోర్డు చంకన పెట్టుకుని నిలబడింది. పుట్టినరోజుకు ఇంకేమీ వద్దు, నాతోపాటు ఒక్క పాఠానికి రా చాలు అని తండ్రిని పట్టుబట్టి తీసుకొచ్చింది. ఏ బీచ్‌కు అన్నది మాత్రం కారు దిగేదాకా చెప్పలేదు. వీళ్లు కాక ఇంకా ఇద్దరున్నారు నేర్చుకునేవాళ్లు, రొట్టెల బట్టీ నడిపే ఒకాయన, ఆయన బావమరిది.

సూటునైనా భరించవచ్చు. ఆ నీళ్లను ఎలా భరించడం? రాళ్ల వెనక మురుగు గొట్టం తిన్నగా సముద్రంలోకే తెరుచుకుంటుంది. అయినా జుహైర్ బోర్డులు దాచుకునే గుడిసె తలుపు మీద, అద్దం బిగించిన కాగితం ఒకటి దర్జాగా వేలాడుతోంది. 'సీది బూనఖ్లా తీరం. మొదటి రకం నీళ్లు. ఈతకు యోగ్యం' అని రాసి, కింద ముద్ర, పేరు లేని గీతల సంతకం. ఆ సంతకం బూఅజ్జాదే. ఒక్క సీసా నీళ్లు కూడా ముంచకుండా, నీటి పరీక్షల ఆఫీసులో తన కుర్చీలో కూర్చుని పుదీనా చాయ్ చప్పరిస్తూ పెట్టిన సంతకం. ఆ మాట బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది. పొక్కకపోతే కూతురు ఈ కంపులో మునుగుతుంది.

ముందు ఇసుక మీదే సాధన చేయించాడు జుహైర్. బోర్డు మీద బోర్లా పడుకోవాలి, చేతులతో నీళ్లు తోస్తున్నట్టు ఆడించాలి, ఒక్క ఊపున లేచి నిలబడాలి. మూడుసార్లు చేయించి ఇక చాలన్నాడు. బూఅజ్జా మాత్రం తనకు పట్టుబడలేదని, ఇంకోసారి, మరొక్కసారి అంటూ మోకాళ్లు చెక్కుకుపోయేదాకా పొర్లాడు.

"హాజీగారు ఈ ఇసుక మీదే ఈదుకుంటూ సముద్రం అవతలి ఒడ్డు చేరేలా ఉన్నారు" అన్నాడు రొట్టెలాయన. బావమరిది కిసుక్కున నవ్వాడు.

గాలి ఎక్కువగా ఉందన్నాడు బూఅజ్జా. నీళ్లు చల్లగా ఉంటాయన్నాడు. మొన్నటిదాకా అమ్మాయికి దగ్గు అని కూడా అన్నాడు. వియామ్ అన్నీ ఓపిగ్గా విని దగ్గరికి వచ్చింది.

"నీళ్లు బాగాలేవా నాన్నా? ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు."

"నాకేం తెలుసు?" అన్నాడు ఆయన. అలా అన్న తన నోటిమీద తనకే అసహ్యం వేసింది.

దిగారు. నురగ మట్టిరంగులో, జిగటగా, కాళ్లను పట్టుకుని వదలడం లేదు. చెవులు తుడిచి పారేసిన పుల్లలు పిక్కలకు అంటుకున్నాయి. పసిపిల్లల డైపరొకటి ఉబ్బిపోయి, తీరిగ్గా ఆయన నడుం పక్కనుంచి తేలుకుంటూ పోయింది. పొద్దున తేనె వేసుకుని తిన్న పొరల రొట్టె గొంతుదాకా వచ్చింది, పళ్లు బిగబట్టి మింగాడు. అవతల బావాబావమరదులు నిలబడబోవడం, బుడుంగున మునగడం, లేచి ఉమ్మి మళ్లీ నవ్వడం.

ఇంతలో జుహైర్ వియామ్‌ను బోర్డు మీద బోర్లా పడుకోబెట్టాడు. ఆమె గడ్డం నీళ్లకు బెత్తెడు దూరంలో ఉంది. వెనక నుంచి అల లేచింది. అది ఆకుపచ్చగా లేదు, నీలంగా అసలే లేదు.

"నోరు మూసుకో అమ్మా, ఒక్క చుక్క కూడా మింగకు" అని అరిచాడు బూఅజ్జా.

"కంగారెందుకు హాజీ, మొదటి రకం నీళ్లు. కాగితం ఉందిగా" అంటూ జుహైర్ బోర్డును ముందుకు తోశాడు. వియామ్ సగం లేచి, తూలి, తలకిందులుగా ఆ మురికిలో పడింది. ఆమె పైకి తేలేదాకా బూఅజ్జాకు ఊపిరి ఆడలేదు. తేలి దగ్గింది.

"ఆ కాగితం అబద్ధం" అన్నాడు బూఅజ్జా.

"ఎవరు చెప్పారు?" అన్నాడు జుహైర్.

"నేనే చెబుతున్నాను. ఆ సంతకం నాది. ఇక్కడ ఎవడూ ఏనాడూ ఒక్క సీసా ముంచింది లేదు. ఇదంతా ఊరి పెంట. నా బిడ్డను బయటికి తీసుకురా నాయనా, నీకు పుణ్యముంటుంది."

నలుగురి ముందూ అనేశాడు. ఇన్నేళ్లలో తనమీద తనకు ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు. ఛీ కొడతారని, మీద పడతారని చూశాడు. ఎవరూ కదల్లేదు.

"మీ ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాం హాజీ" అన్నాడు జుహైర్ నెమ్మదిగా. "పిల్లలకు చెవుల్లో చీము కారుతోందని, ఒళ్లంతా పుళ్లు లేస్తున్నాయని రాశాం. నాలుగుసార్లూ జవాబుగా ఆ కాగితమే వచ్చింది."

బూఅజ్జా వెనకనుంచి ఇంకో అల వచ్చింది. పొద్దుటినుంచి ఒక్కసారీ నిలబడలేకపోయిన రొట్టెలాయన, బావమరిది ఆ అల మీద నిటారుగా లేచి, చేతులు కట్టుకుని, జారుకుంటూ ఒడ్డుకు వెళ్లిపోయారు. బూఅజ్జా నోరు తెరుచుకుని వాళ్లను చూశాడు, జుహైర్‌ను చూశాడు, చివరికి కూతురివైపు తిరిగాడు.

వియామ్ తండ్రి మొహం చూడలేదు. పెదాలకు అంటిన మురికిని మణికట్టుతో తుడుచుకుంటూ జుహైర్‌తో అంది: "నే చెప్పలేదూ, ఉత్తరాలు దండగ, నేను మునిగితే చాలు మా నాన్న నిజం చెప్పేస్తాడని?"