ఏసీ తాత

శనివారం ఐదవుతుండగా కంప్యూటర్ రూము గుమ్మం ముందు ఆ టైరు చెప్పులు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి.

"వచ్చాడమ్మా మీ ఏసీ తాత!" పక్క గదిలోంచి గంగాధరరావు నవ్వాడు. కార్మికుల హాజరు చూసే టైమాఫీసులో ఆయనే పెద్ద గుమాస్తా.

కంప్యూటర్ ముందు కూర్చున్న సూర్యకళ కూడా నవ్వింది.

నాచారంలోని ఆ దారం ఫ్యాక్టరీ మొత్తానికి ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. అదీ మనుషుల కోసం కాదు, కంప్యూటర్ కోసం. లోపలికి రావాలంటే మేనేజరైనా చెప్పులు విప్పాల్సిందే. ఇళ్లలో దేవుడి గదికైనా అంత నిష్ఠ ఉండదు.

శాంతయ్య అనే ఆ ముసలాయన ప్రతి శనివారం మౌలాలి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఎండాకాలంలో రావడం మొదలుపెట్టాడు కాబట్టి ఆ పేరు పడింది. చలి మొదలైనా మానలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. సూర్యకళ పని ముగించి కంప్యూటర్ ఆపబోతుంటే ముందుకు వంగేవాడు.

ఆపే ముందు తెర మీద ఆకుపచ్చగా ఒక వరస వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఆయనకు చదవరాదు.

"ఏమంటుండు బిడ్డా?"

"'ఇగ సాలు, ఇంటికి పోదాం పా' అంటుంది తాతా."

"సరే బిడ్డా."

తెర వైపు తలూపి లేచేవాడు. ఆ మాట వినేదాకా మాత్రం కదిలేవాడు కాదు.

తొంభై ఆరు నవంబరులో ఫ్యాక్టరీకి విండోస్ నైంటీఫైవ్ వచ్చింది. ఏఎస్ రావు నగర్ నుంచి ఉమాపతి అనే ఇంజినీరు ఫ్లాపీల దొంతరతో దిగాడు.

"మేడం, లోపల జాగ సాలుత లేదు. పాత ప్రోగ్రాం తీసెయ్యాల్నా? ఉంచాల్నంటే రేపొచ్చి జర సర్ది పెడ్త."

"రేపటిదాంక ఎందుకు? ఇయ్యాల్నే తీసెయ్. పాత సామాను మనకేం జేస్కోను?"

తెర మీది రంగులు చూసి మురిసిపోతూ అనేసింది సూర్యకళ.

ఆ మురిపెం మూడు రోజులే. పాతదానిలో టోకెన్ నంబరు కొట్టి వేలు తీసేలోపు మనిషి హాజరు కళ్ల ముందుండేది. ఇప్పుడు నంబరు కొట్టి, తెర మీద తిరిగే ఇసుక గడియారం బొమ్మను చూస్తూ తీరిగ్గా ఒక చాయ్ తాగొచ్చు. షిఫ్టు మారే వేళ కిటికీ ముందు కార్మికుల వరస గేటు దాకా పాకింది.

"ఏంది మేడం, కంప్యూటర్ ముసల్దైందా?" వరసలోంచి ఎవరో అరిచారు.

"కాదు, కొత్తదైంది!" సూర్యకళ పళ్లు నూరింది.

శనివారం శాంతయ్య వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె కంప్యూటర్ ఆపింది. నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చాయి.

"ఏమంటుండు బిడ్డా?"

"ఇగ బంద్ జేస్కోవచ్చు అంటుంది."

"ఇంటికి పోదాం అనలే?"

"అది పోయింది తాతా. తీసేసినం. ఇది కొత్తది."

ఆయన లేవలేదు.

"మల్లొక్కసారి సూడు బిడ్డా. లోపల ఏడనో ఉంటడు."

పొద్దుటి నుంచి కార్మికుల వరసతో వేగి ఉంది సూర్యకళ. విసుగంతా ఆయన మీద పడింది.

"లేదన్న గదా! సల్లగాలికి వచ్చెటోనివి, కూసున్నంతసేపు కూసోని పో. నన్ను సతాయించకు."

శాంతయ్య లేచాడు. వట్టి కాళ్లతో సైకిలు దాకా వెళ్లి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చి చెప్పులు వేసుకుని వెళ్లాడు.

తరువాతి శనివారం రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

ఐదవుతుంటే సూర్యకళ చూపు గుమ్మం మీదికి పోయేది. ఏమీ కాని ఒక ముసలాయన రాకపోతే వారం ముగిసినట్టే అనిపించేది కాదు. అంత మాట ఎందుకన్నానా అని మనసు పీకేది. నారింజ అక్షరాల ముందు కూర్చుని, "ఇగ సాలు, ఇంటికి పోదాం పా" అని తనకు తనే చెప్పుకునేది. తను చెప్పుకుంటే ఆ మాటలో ఏమీ ఉండేది కాదు. ఎవరైనా పిలవాలి.

చివరికి కార్మికుల గోల పడలేక, పాత ప్రోగ్రామే మళ్లీ పెట్టమన్నాడు మేనేజరు. గంగాధరరావు బీరువా అంతా వెతికి, దాని ప్రింటు కట్ట తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"ఇది చూసి మొత్తం మళ్లీ టైపు చేసుకోవడమేనమ్మా."

కాగితాల చివర ఆ వరస కనిపించగానే సూర్యకళకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది ఎవరు రాసిన్రు సార్?"

"ఆశీర్వాదం అని, కాంట్రాక్టు కుర్రాడు. నీకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నది వాడే. బంగారంలాంటి పిల్లాడు. ఉప్పల్ చౌరస్తాలో లారీ కొట్టేసింది. మాకు కబురు అందేసరికి మట్టి కూడా చేసేశారు. వాడి ఇల్లు ఎక్కడో, వాళ్ల వాళ్లెవరో కూడా మాకు తెలియదమ్మా."

సూర్యకళ అన్నిటికంటే ముందు ఆ ఒక్క వరసే టైపు చేసింది. తాత వింటే ఎంత సంతోషిస్తాడో! అడ్రసు కనుక్కుందామని గేటు దగ్గరికి పరుగెత్తింది.

ఆ ఎండాకాలమే కొలువులో చేరిన వాచ్‌మన్ సంజీవరావు తల అడ్డంగా ఊపాడు.

"శాంతయ్యనా? ఇగ రాడు మేడం. మౌలాలిల రూము ఖాళీ జేసి ఊరికి పోతున్న అన్నడు. ఆ దినం మీ కాడికెల్లి వచ్చినంకనే చెప్పిండు."

"ఏ ఊరు?"

"చెప్పలే. ఇగ ఈడ నాకెవలున్నరు అన్నడు, అంతే."

"నీ రిజిస్టర్ల ఏమన్న రాసి ఉన్నదా సూడు."

సంజీవరావు రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పాడు.

పేరు శాంతయ్య, ఊరు మౌలాలి అని ఉంది తప్ప ఇంకే అడ్రసూ లేదు. ఆ పక్కన 'ఎవరిని కలవాలి' అన్న గడిలో, ఆ ముసలాయన చెప్పింది చెప్పినట్టు, ప్రతి శనివారం సంజీవరావు ఒకటే రాసుకుంటూ వచ్చాడు: 'కొడుకు ఆశీర్వాదం, కంప్యూటర్ రూము.'