నీలవేణికి ఓటింగు

ఆదివారం ఉదయం పదిన్నరకు, అరసవల్లిలోని ఒక లాడ్జి హాలు గుమ్మం దగ్గర, సుమారు అరవై ఏళ్ల మహిళను లోపలికి రానివ్వలేదు.

హాల్లో జరుగుతున్నది ‘ఎదురుపాట’ సీరియల్ పాఠకుల సమావేశం.

ఫోన్ యాప్‌లో వచ్చే కథ అది. ఎనభై ఆరు భాగాలు వచ్చి, నాలుగు నెలల కిందట ఆగిపోయింది. రచయిత పేరు ‘వంశధార’ అని మాత్రం ఉంటుంది. ఊరు లేదు, ఫొటో లేదు. మెసేజీలకు జవాబు లేదు.

కథలో నీలవేణి ఎండుచేపల వ్యాపారి. ఆమెకు పోటీదారులు ఇద్దరు. రేవులో చేపల వేలంలో ఆమె మీద పాట పెంచే పోలారావు ఒకడు. బజారులో ఆమె కొట్టుకు ఎదురుకొట్టు పెట్టిన సదాశివం ఇంకొకడు.

ఇద్దరిలో ఎవరు ఆమెకు జోడీ అన్నది తేలలేదు. పాఠకుల వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది.

గ్రూపు అడ్మిన్ ఝాన్సీ. నరసన్నపేటలో వాళ్లది ఫ్యాన్సీ షాపు. నాలుగు నెలలుగా రోజూ తగాదాలు తీరుస్తోంది. చివరికి ఓటింగు పెట్టింది. గెలిచిన జోడీకి ముగింపు తామే రాసుకుని గ్రూపు మూసేయాలన్నది నిర్ణయం.

ఆదివారం గుడికి వచ్చినవాళ్లు అన్నదానం అనుకుని హాల్లోకి వస్తుంటారు. కిందటిసారి నలభై మందికి పులిహోర చేయిస్తే తొంభై మంది తిన్నారు. అందుకని ఈసారి గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టి, మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. కథ చదివినవాళ్లకే లోపలికి టోకెన్.

వచ్చిన మహిళ పేరు లక్ష్మణమ్మ అని చెప్పింది. సంతకం చేయమంటే, టోకెన్లకు ముద్ర వేసే స్టాంపు ప్యాడ్‌లో బొటనవేలు అద్ది రిజిస్టరులో వేసింది.

ఝాన్సీ ఆ వేలిముద్ర చూసింది. అయినా ప్రశ్నలు అడిగింది.

మొదటిది, పోలారావు నీలవేణి మీద తొలిసారి పాట పెంచింది ఎన్నో భాగంలో?

“నెంబర్లు నాకు తెల్దమ్మా. ఆ వేళ తూరుపు గాలి. వలకి కానాగంత సేపలు పడ్డాయి. ఆడు పాట పెంచినాడు గానీ ఆ అమ్మి వంక సూళ్లేదు.”

“గాలి సంగతి కథలో లేదమ్మా.”

“లేదా?” అంది లక్ష్మణమ్మ. “ఉండాల.”

రెండోది, సదాశివం కొట్టు తలుపులది ఏ రంగు?

“ఆడి కొట్టుకి రంగేటి? సెక్కలకి తారు పూసుంటాది.”

ఆకుపచ్చ అన్నది సరైన జవాబు. మూడో ప్రశ్న ఝాన్సీ అడగలేదు. వెనక ఇంకా ఏడుగురు ఉన్నారు.

“పులిహోర కోసమైతే మీటింగయ్యాక ఇస్తాం. అందాకా మెట్ల మీద కూకో అమ్మా.”

“తినేసొచ్చాను తల్లీ. ఆ అమ్మికి ఆకరికి ఏటవుతాదో సెప్పాలని వచ్చాను.”

“ఇక్కడ అందరికాడా తలో ఆకరు ఉన్నాది,” అంది టోకెన్లు ఇస్తున్న రేఖ. వరసలోవాళ్లు నవ్వారు.

లక్ష్మణమ్మ వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఆమె సంచిలో కొత్త నోటుబుక్కు, పెన్ను ఉన్నాయని తర్వాత లాడ్జి వాచ్‌మన్ చెప్పాడు.

చర్చ గంటన్నర సాగింది. పోలారావు తరఫున రేఖ, సదాశివం తరఫున ఆమెకు వరసకు బావ అయ్యే కళ్యాణ్ మాట్లాడారు.

నీలవేణి పడవ తిరిగి రాని రోజు వేలంలో నోరెత్తనిది పోలారావు ఒక్కడేనని రేఖ గుర్తుచేసింది.

“పోటీ మానీసినోడే ప్రేమించినోడు బావా.”

“మానీడానికి ఒక్కరోజు సాలు. ఇరవై ఏళ్లు ఎదురుగ్గా కూకోడానికి దమ్ముండాల,” అన్నాడు కళ్యాణ్.

ఈ మాటలన్నీ ఝాన్సీ గ్రూపులో ఇదివరకే చదివింది. పన్నెండూ పదికి మంచినీళ్ల కోసం బయటికి వచ్చింది.

లక్ష్మణమ్మ ఇంకా మెట్ల మీదే ఉంది.

“ఆ అమ్మిని అడిగినారేటి?”

“ఎవర్ని?”

“నీలవేణిని.”

“అడగాలంటే రాసినోలు దొరకాల కదమ్మా. ఎక్కడున్నారో తెల్దు. అందుకే మేమే తేల్సేసుకుంటన్నాం.”

“మీరు తేల్సేసుకున్నాక, మరి ఆ రాసినోలు ఇంక సెప్పక్కర్లేదా?”

“అక్కర్లేదమ్మా. అలిసిపోయాం.”

లక్ష్మణమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

“నాకూ అలుపుగానే ఉన్నాది తల్లీ,” అని సంచి తీసుకుని శ్రీకాకుళం వైపు వెళ్లే ఆటో ఎక్కింది.

పన్నెండున్నరకు ఓట్లు లెక్కపెట్టారు. పోలారావుకు ఇరవై రెండు, సదాశివానికి పద్దెనిమిది. ఆ రోజు గుమ్మం దగ్గర ఆపింది లక్ష్మణమ్మను మాత్రమే.

సోమవారం సాయంత్రం ఆరూ నలభైకి ఝాన్సీ ఫోనుకు ‘వంశధార’ నుంచి మెసేజీ వచ్చింది.

“ఝాన్సీ గారూ, నా పేరు భారతి. మాది కళింగపట్నం. ఎదురుపాట నేను రాసింది కాదు. మా పెద్దమ్మ చేపలు ఆరబెడుతూ చెబుతుంది, నేను టైపు చేస్తాను. గాలి, వాన లాంటివి తీసేస్తుంటాను. తలుపుల రంగులు నేనే పెడతాను. నాలుగు నెలల కిందట విశాఖలో ఉద్యోగం వచ్చింది, నాకు కుదరలేదు. ఫోనులో చెప్పమంటే ఆమెకు కథ రాదు. మీరు యాప్‌లో పెట్టిన మీటింగు నోటీసు చదివి వినిపిస్తే, చివరి భాగం మీచేత రాయించుకుంటానని నోటుబుక్కు కొనుక్కుని బయల్దేరింది. ఇవాళ అడిగితే, ‘ఆలకి అక్కర్లేదంట, ఇంక సెప్పను’ అంటోంది. నిన్న ఏం జరిగింది?”

ఝాన్సీ రిజిస్టరు తీసింది.

ముప్పై నాలుగో వరుసలో వేలిముద్ర ఉంది.

దాని పక్కన రిమార్కుల గడిలో, ఝాన్సీ చేతిరాతలో, “కథ తెలియదు” అని ఉంది.