సాయమ్మ కడుపునొప్పి

మద్దిలేటి బండి మల్దకల్ దాటేసరికి మంచు ఇంకా జొన్నచేల మీంచి లేవలేదు. ఎడ్ల కాళ్ళు కనబడడం లేదు. బండి పాల మీద తేలిపోతున్నట్టుంది. ఒళ్ళో పడుకున్న కూతురు సాయమ్మ జుట్టు నిమురుతూ, ఈ దారి ఇలాగే సాగి ఎక్కడికీ చేరకపోతే బాగుండునని నర్సమ్మ అనుకుంది.

వెనక్కి పోతే మంగళవారం కాచుకుని ఉంది. ఆ రోజు మంత్రగాడు కొడవలి ఎర్రగా కాల్చి సాయమ్మ పొట్ట మీద వాతలు పెడతాడు. దయ్యం పట్టిందని ఊళ్ళో పెద్దలు తేల్చేశారు. తేల్చడానికేం, కాలేది వాళ్ళ పొట్ట కాదుగా!

సాయమ్మకు ఇరవై నిండాయి. మాట మాత్రం మూడేళ్ళ పిల్లది. పది దాకా లెక్క ఎంత నేర్పినా రాలేదు. తల్లి చెరిగితే చెరుగుతుంది, ఇసుర్రాయి విసిరితే ఎదురుగా కూర్చుని విసురుతుంది. "నీ నీడకు చేతులొచ్చినయే నర్సమ్మా" అని అమ్మలక్కలు ఆటపట్టిస్తే నర్సమ్మ మురిసిపోయేది.

నెల కిందట సాయమ్మ డొక్క పట్టుకోవడం మొదలుపెట్టాక ఆ మురిపెం పోయింది.

వాగు దగ్గర నర్సమ్మ బండి ఆపించి, దిగి గట్టు మీద కూర్చుంది.

"ఏమైందక్కా?" అన్నాడు మద్దిలేటి.

"ఏం గాలే. పిల్లకు జర గాలి తగలనీ."

సాయమ్మ మంచును దోసిట్లో పట్టుకోబోయి, దొరక్క నవ్వింది. ఈ పిల్లలోనా దయ్యం? అనుకుంది నర్సమ్మ.

గద్వాల దవాఖానలో డాక్టరు కుర్రవాడే. సాయమ్మను బల్ల మీద పడుకోబెట్టి పొట్టంతా ఒత్తి చూశాడు. ఆమె చక్కిలిగింతలకు కిలకిలా నవ్వింది.

"తిండి తింటదా?"

"రెండు రొట్టెలు తింటది దొరా. పని నడుమ ఉన్నట్టుండి డొక్క పట్టుకుంటది. వాత పెట్టకుండ మందియ్యి, నీ కాల్మొక్త!"

"వాతలేందమ్మా? కొందరికి మాట, లెక్క జర ఆలస్యంగ వస్తయి. పుట్టుకతోనే గంతే. దయ్యం లేదు, గియ్యం లేదు. కాకపోతే యాడ నొస్తున్నదో చెప్పుకోలేరు, మనమే కనిపెట్టాలె. గందుకే ఇంతసేపు చూసిన. పిల్లకు ఏ రోగం లేదు."

"మరెందుకు గట్ల చేస్తది? రేపు నేను లేకుంటే దీన్ని ఎవరు చూస్తరు దొరా?" నర్సమ్మకు ఏడుపు ఆగలేదు.

డాక్టరు సాయమ్మ వైపు వంగాడు. "ఎట్ల చేస్తవో చూపియ్యి తల్లీ."

సాయమ్మ సంబరంగా బల్ల దిగి నేల మీద కూర్చుంది. లేని ఇసుర్రాయిని గిరగిరా తిప్పింది. కిటికీలోంచి పడిన ఎండలో ఆ చేయి సుతారంగా కదులుతుంటే డాక్టరు కన్నార్పకుండా చూశాడు. ఉన్నట్టుండి ఆమె ఆగింది. ఎడమ డొక్కను అరచేత్తో ఒత్తుకుని, కళ్ళు మూసి, పళ్ళు బిగపట్టింది. కాసేపటికి చెంగుతో నుదురు తుడుచుకుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు మెల్లగా నవ్వింది.

"ఏం గాలే బిడ్డా, ఏం గాలే" అంది.

డాక్టరు నర్సమ్మ వైపు తిరిగాడు.

"బల్ల మీదికి నువ్వెక్కమ్మా."