వెలగని టెస్టర్

“స్విచ్ ఆపేశానమ్మా, వైరు పట్టుకో,” అన్నారు ఎలక్ట్రికల్ లెక్చరర్.

చరిత్ర చదివే అమ్మాయి చేతులు కట్టుకునే నిలబడింది. “కరెంటు లేదని చూశారా సార్?”

ఇంటి కరెంటు పనులు నేర్చుకోవడానికి ఆమెతో పాటు ల్యాబ్‌కు వచ్చిన కామర్స్, సంగీతం పిల్లలు కిసుక్కుమన్నారు.

“నా మాట మీదే అనుమానమా!” ఆయన టెస్టర్ తీసి వైరుకు ఆనించారు. అది వెలగలేదు. “ఇక చాలా?” అంటూ వైరు మీద చెయ్యి వేయబోయారు.

“ఆగండి సార్! మా అన్నయ్య కూడా ఇలాగే చూసుకుని పట్టుకున్నాడు.” ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “మళ్లీ లేవలేదు.”

నవ్వులు ఆగిపోయాయి.

ఆమె టెస్టర్ అందుకుని, పక్కన ఫ్యాను నడుస్తున్న బోర్డులో పెట్టింది. అక్కడా వెలగలేదు. టెస్టరే చెడిపోయింది.

లెక్చరర్ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

“రాసుకోండి,” అన్నారు క్లాసు వైపు తిరిగి. “మొదటి పాఠం. నా మాట నమ్మకండి.”