మీ మనిషి

"నిన్న సాయంత్రమే మీ మనిషొచ్చి పట్టుకెళ్లాడు కదండీ," అంది సునీత.

ఊర్మిల గుమ్మంలోనే నిలబడిపోయింది. "మా మనిషా? నేనెవ్వల్నీ పంపలే."

"మీ పేరే చెప్పాడు. టోపీ, మాస్కు పెట్టుకున్నాడు. డబ్బిచ్చాడు, తీసుకెళ్లాడు. మీరే పంపారనుకున్నాం."

సునీతవాళ్లు సౌదీలోని అల్ ఖోబర్ వదిలి వెళ్లిపోతున్నారు. వాళ్ల పాత వాక్యూమ్ క్లీనర్ కోసం ఊర్మిల ఆశగా వచ్చింది. రేకు ఒళ్లు, గుడ్డ సంచీ, ఎత్తితే చెయ్యి గుంజే బరువు. అలాంటిది దొరకడమే అరుదు. చేతిదాకా వచ్చినది జారిపోవడం ఇది మొదటిసారి కాదు. ఎండలు మొదలైనప్పటి నుంచీ ఇదే వరస.

ఊర్మిలది మెట్‌పల్లి. వాళ్ల నాన్నకు అక్కడ మోటార్ వైండింగ్ షాపు ఉండేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పక్కన పడేసి మోటార్లు విప్పుతూ పెరిగింది. ఆ విద్య సౌదీలో అక్కరకొచ్చింది. ఊరు వదిలి వెళ్లేవాళ్ల దగ్గర పాత మెషీన్లు కొని, బాగుచేసి, కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు అమ్మేది.

కొత్త రకాలూ వచ్చేవి. వైరు లేనివి, తేలికైనవి, రంగురంగుల ప్లాస్టిక్‌వి. ఒక్క దుమ్ము తుఫానుకే వాటికి ఊపిరాడదు. బ్యాటరీ పోతే విప్పుదామన్నా స్క్రూ కనబడదు. పాతది అలా కాదు. మొరాయించినా మాట వింటుంది. మోటారులో అరిగిన కార్బన్లు మార్చి, బేరింగుకు గ్రీజు పెడితే మళ్లీ హోరెత్తుతుంది. ఇసుకతో వేగిపోయిన ఇల్లాళ్లు ఏరి ఏరి పాతవే అడిగేవాళ్లు.

ఊర్మిలకు అది పొద్దుపోక చేసే వ్యాపారం కాదు. పెళ్లయ్యాక ఏళ్ల తరబడి ఇక్కడున్న భర్త ప్రభాకర్‌తో ఫోన్‌లోనే కాపురం చేసింది. అతను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ అయ్యాక, పట్టుబట్టి వచ్చింది. ఇక్కడ కుటుంబాన్ని ఉంచుకోవాలంటే కట్టాల్సిన ఫీజు అతని జీతానికి మోయలేని బరువు. "అది నేను సంపాదిస్త," అంది. సంపాదించింది. ఈ మెషీన్లు అమ్ముడైనంత కాలమే ఆమె మొగుడి పక్కన ఉండగలిగేది.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన ప్రభాకర్‌తో అంతా చెప్పుకుంది. రోజూ చెప్పుకునేదే. ఎక్కడికి వెళ్లింది, రేపు ఎక్కడికి వెళ్లబోతోంది, ఆ ఇంట్లో మెషీన్ ఎలాంటిది.

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎవలెవలు ఇండ్లు ఖాళీ జేస్తున్నరో నీకెవలు చెప్తరు?"

"ఫర్జానక్క."

"మరి ఆమెకు తెల్వకుంట ఇంకోనికి ఎట్ల తెలుస్తది?"



ఫర్జానాది కర్నూలు. కింది వాటాలో ఉంటుంది. ఆమె భర్త నౌమాన్ సామాన్లు ప్యాక్ చేసి పంపే కంపెనీలో డ్రైవరు. ఎవరు వెళ్లిపోతున్నారో అతనికి ముందే తెలుస్తుంది. ఊర్మిల వచ్చిన కొత్తలో జ్వరంతో పడి ఉంటే గంజి కాచి తాగించింది ఫర్జానాయే. ఈ ఊళ్లో ఆమె నోరారా అక్కా అని పిలిచింది ఆ ఒక్క మనిషినే.

మర్నాడు ఇంకో ఇల్లు. అక్కడికీ ఆ 'మనిషి' ముందే వచ్చి వెళ్లాడు. ఊర్మిల తిన్నగా వచ్చి ఫర్జానా తలుపు కొట్టింది.

"అక్కా, నౌమాన్ భాయ్‌ని పంపి మెషీన్లు నువ్వే తెప్పిస్తున్నవా?"

ఫర్జానాకు మొదట అర్థం కాలేదు. అయ్యాక ముఖం పాలిపోయింది. "ఏం మాట మాట్లాడతాండావే? నీ నోటికాడి కూడు నేను తీస్తానా?"

"నీకు తప్ప ఎవలకు ఎరుక?"

"నాకు ఎరుకైంది గాబట్టే గదా నీకు చెప్పింది."

"చెప్పినట్టే చెప్పి, ఎనుక నుంచి గొయ్యి తవ్వినవు."

ఫర్జానా కొంగుతో కళ్లొత్తుకుని తలుపేసుకుంది. ఆ తర్వాత మెట్ల మీద ఎదురుపడినా ఇద్దరూ తలలు తిప్పుకున్నారు.

ఎవరు వెళ్లిపోతున్నారో కబురందించేవాళ్లు లేక మెషీన్లు దొరకడం ఆగిపోయింది. ఫీజు కట్టే గడువు దగ్గరపడింది.

"ఊకె తిప్పలు పడకు ఊర్మిలా," అన్నాడు ప్రభాకర్. "మెట్‌పల్లికి పొయ్యి ఇంటికాడ నిమ్మళంగ ఉండు. పైసలు పంపనీకె నేను లేనా?"

ఆ మాటకు ఆమె భోరున ఏడ్చింది. అక్క అనుకున్న మనిషి నిండా ముంచితే, చెయ్యందించడానికి ఇతనొక్కడే మిగిలాడనుకుంది. ప్రభాకరే ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమెకు ఎగ్జిట్ వీసా కొట్టించాడు. టికెట్టూ అతనే తెచ్చాడు.

ఇంట్లో రెండు పాత మెషీన్లు మిగిలాయి. "అవి నేను అమ్ముత తియ్యి, నువ్వు సామాన్ సర్దుకో," అన్నాడు. ఆమెకు మనసొప్పలేదు. తన చేత్తో బాగుచేసినవి తన చేత్తోనే అప్పగించాలనిపించింది. అతను డ్యూటీకి వెళ్లాక ట్యాక్సీలో వేసుకుని దమ్మామ్‌లోని పాత సామాన్ల బజారుకు వెళ్లింది.

అడుగుతూ పోతే లాల్ అహ్మద్ దుకాణం చూపించారు. నంద్యాల పెద్దాయన. తెలుగు మాట వినగానే కుర్చీ వేశాడు. మెషీన్లు చూసి పెదవి విరిచాడు.

"పాతవి వద్దు తల్లీ. గోడౌనంతా అవే నిండినాయి. ఖోబర్ నుంచి ఒకాయన వారం వారం తెచ్చి పడేస్తాండాడు. కొన్న రేటు గూడా అడగడు, ఇచ్చింది తీసుకుని పోతాడు."

ఊర్మిల ఒళ్లు మండిపోయింది. లాభం కోసం కూడా కాదన్నమాట. తన పొట్ట కొట్టడానికే. నౌమాన్ పేరు ఈ పెద్దాయన నోటి నుంచి ఒక్కసారి వింటే చాలు, ఫర్జానాను ముఖమ్మీదే కడిగేసి విమానం ఎక్కుతుంది.

"ఎవలాయన?" అంది.

లాల్ అహ్మద్ మెషీన్లను మెల్లిగా ఆమె వైపే జరుపుతూ అన్నాడు: "ప్రభాకర్ అని మన తెలుగాయనే తల్లీ, పెండ్లాం ఇండియాకు ఎళ్లిపోయేదాకా తెస్తానే ఉంటానన్యాడు."