పెద్ద బండి బరువు

అభిరామ్ రాసిన వెబ్ పేజీ మళ్ళీ వెనక్కి వచ్చింది.

పంపినవాడు ఫరూఖ్. హైదరాబాద్ మనిషి. సింగపూర్‌లోని ఈ జురాంగ్ ఈస్ట్ ఆఫీసులో, తప్పులు పట్టే టెస్టరుగా ఈమధ్యనే చేరాడు.

"నీళ్ళు కలిపినవా, భాయ్?"

"ఏ నీళ్ళండీ?"

"బండిల ట్యాంకు ఉంటది కదా. అది నింపితే బండి బరువెక్కదా? బండే బరువైతే వెనక లాగేది తగ్గదా?"

అది ఆస్ట్రేలియాలో ఒక మోటార్‌హోమ్ కంపెనీ పేజీ. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న ఇల్లంత బళ్ళు. వెనక కొక్కేనికి పడవనో కారునో తగిలించి లాక్కుపోతారు. ఏ బండి ఎంత లాగగలదో పేజీ చెప్పాలి.

రాసే ఆఫీసులో ఒక్కడికీ సొంత కారు లేదు.

"శుక్రవారానికి ఇచ్చెయ్యాలండీ. ఇంత చాదస్తమైతే ఎలా?"

"ఇద్దాం భాయ్. సరిగ్గ ఇద్దాం." వెళ్ళబోతూ ఆగాడు. "భాభీకి ఎన్నో నెల?"

"ఎనిమిది," అన్నాడు అభిరామ్ ముక్తసరిగా.

పని వెనక్కి కొట్టి, పైగా కుశలప్రశ్నలు!

ఉద్యోగాలు ఎంత తేలిగ్గా వచ్చేవో అంత తేలిగ్గా పోయే రోజులవి. ఉద్యోగం పోతే వర్క్ పాసు పోతుంది. పాసు పోతే సింగపూర్ వదలాలి. సత్యవాణిని ఈ స్థితిలో విమానం ఎక్కించొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది.

అభిరామ్ పళ్ళు బిగించి లెక్కలో నీళ్ళ బరువు కలిపాడు.

శుక్రవారం సత్యవాణికి నొప్పులొచ్చాయి. ఆసుపత్రికి పరుగెత్తాడు. కాన్పు నొప్పులు కావని తేల్చి ఇంటికి పంపారు. ఈలోగా, అతను లేకుండానే పేజీ బయటికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఆస్ట్రేలియా నుంచి ఫోను.

పెద్ద బళ్ళ దగ్గర పేజీ తప్పు చెప్పింది. కొక్కెం ఎంత బరువుకు తట్టుకుంటుందో, బండి కూడా అంత లాగుతుందని చూపించింది. అది నమ్మి ఒకాయన పెద్ద పడవ తగిలించుకుని కొండ దిగాడు. కొక్కెం ఊడలేదు. బండే ఆగలేదు. కంచెను గుద్దుకుని కాలు విరగ్గొట్టుకున్నాడు.

మేనేజరు జనార్దనరావు అందరినీ పిలిచాడు.

"క్లయింటు ఒక మనిషిని తీసెయ్యమంటున్నాడు. ఎవరిదయ్యా ఈ తప్పు?"

అభిరామ్ తల దించుకున్నాడు. రాసింది తనే.

ఫరూఖ్ లేచి నిలబడ్డాడు.

"టెస్టింగ్‌ల పట్టుకోవాల్సింది నేను సార్. చూసుకోలే."

అభిరామ్‌కి ఊపిరి వచ్చింది. వెనకే కోపం కూడా.

"నీళ్ళు చూసిండు, బండిని చూడలే!" అన్నాడు పక్క సీటు షాదాబ్, తర్వాత టీ కలుపుకుంటూ. అందరూ నవ్వారు. అభిరామ్ కూడా.

ఉద్యోగం పోయిన ఫరూఖ్ ఆఖరి రోజు లిఫ్టు దగ్గర ఎదురయ్యాడు. భుజాన సంచి.

"పోయొస్త భాయ్. భాభీ మంచిగున్నరా?"

"మా ఆవిడ సంగతి సరేగానీ, మీ పని మీరు చూసుకునుంటే బాగుండేది."

ఫరూఖ్ తల ఊపాడు.

"అవు భాయ్," అన్నాడు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

సత్యవాణికి ఆడపిల్ల పుట్టింది. అభిరామ్ లడ్డూల డబ్బా పట్టుకుని జనార్దనరావు గదిలోకి వెళ్ళాడు.

ఆయన లడ్డూ చేతిలోకి తీసుకున్నాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"అభిరామ్, ఆ శుక్రవారం ఫరూఖ్ ఆపమన్నాడయ్యా. పెద్ద బళ్ళకి లెక్క తప్పొస్తోందన్నాడు. గడువు దాటిపోతుందని నేనే వినలేదు."

"మరి ఆయనే కదండీ చూసుకోలేదన్నది?"

"క్లయింటుకి ఒక పేరు కావాలి. నా పేరు చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. రాసింది నువ్వు కదాని నీ పేరు చెబుదామనుకున్నాను. మీటింగు ముందురోజు ఫరూఖ్‌కి ఆ మాట చెబితే, 'వద్దు సార్, ఇప్పుడు భాభీని ఏ విమానమూ ఎక్కించుకోదు. నా పేరు చెప్పుండ్రి. నాదేముంది, ఒంటోణ్ణి' అన్నాడు."

అభిరామ్ గబగబా జేబులోంచి ఫోను తీశాడు.

"ఆ నంబరు పనిచెయ్యట్లేదు. నేనూ చేశాను," అన్నాడు జనార్దనరావు. "నిన్న అతని ఇంటి ఓనరమ్మ వచ్చింది."

"ఎందుకు?"

"అతను వదిలేసిన సామాను ఏం చెయ్యాలో అడగడానికి."

ఒంటరివాణ్ణన్న ఆ మనిషి, ఉద్యోగం పోయిన మరుసటి ఆదివారమే హైదరాబాద్ నుంచి తన భార్యతో కలిసి దిగాల్సిన కూతురి కోసం బెడోక్‌లో ఫ్లాటు అద్దెకు తీసుకుని, చిన్న గది గోడలకు తన చేత్తోనే గులాబీరంగు వేసుకున్నాడట.